హత్యకి ముహూర్తం: యుద్ధకాలపు ఇంగ్లిష్ పల్లెలో కోజీ మిస్టరీ రాయడం ఎలా

కోజీ మిస్టరీ అంటే తెలిసిందే. చిన్న ఊరు, ఒకరి సంగతులు ఒకరికి తెలిసిన జనం, నెత్తురు పెద్దగా కనపడని హత్య, పోలీసు కాని ఒక మనిషి ఆరా తీసి హంతకుణ్ణి పట్టుకోవడం. దీన్ని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లండు పల్లెలో పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, యుద్ధాన్ని సినిమా సెట్టింగులా వాడుకోవడం. కిటికీలకి నల్లతెరలు, పైన విమానాల మోత, రేషన్ మీద నాలుగు సణుగుళ్లు. అవన్నీ కొట్టేసి కథని 1930కి జరిపినా ఏమీ చెడదు. అలాంటప్పుడు యుద్ధం ఎందుకు? యుద్ధకాలపు నియమం ఏదో ఒకటి ఉంది కాబట్టే ఆ హత్య సాధ్యం కావాలి. హంతకుణ్ణి పట్టిచ్చేది కూడా అలాంటి నియమమో, ఆనాటి అలవాటో కావాలి. ఈ షరతు ఒక్కటి పెట్టుకుంటే సగం కథ దానంతటదే కుదురుతుంది.

ముందు పంచాంగం

శవం లైబ్రరీ గదిలో దొరకాలా, చర్చి వెనకాలా అనేది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేదీ పెట్టండి. పెళ్లికి చూసినట్టే సంవత్సరం, నెల, వారం, సూర్యాస్తమయం, తిథి అన్నీ చూడాలి. ఆ ఆరేళ్లలో ఇంగ్లండులో నియమాలు నెలనెలా మారాయి. "యుద్ధకాలం" అని గుండుగుత్తగా రాస్తే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

శత్రు విమానాలకి కనపడకుండా రాత్రిళ్లు దీపాల వెలుగు దాచే బ్లాకౌట్ 1939 సెప్టెంబరు 1న మొదలైంది, యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే. అదే నెల 29న దేశమంతా పేర్లు నమోదు చేసి గుర్తింపు కార్డులిచ్చారు. బేకన్, వెన్న, చక్కెర 1940 జనవరి 8న రేషన్‌లోకి వచ్చాయి. మార్చిలో మాంసం, జులైలో టీ పొడి చేరాయి. 1940 మే 14న స్థానిక రక్షక దళంలో చేరమని రేడియోలో పిలుపిచ్చారు, జులైకల్లా దాని పేరు హోంగార్డుగా మారింది. మన కూడళ్లలో ట్రాఫిక్ చూసే హోంగార్డు గుర్తొస్తే తుడిచేయండి. వీళ్లు పగలు పొలంలోనో కొట్లోనో పనిచేసుకుని, రాత్రి తుపాకీ పట్టుకుని కాపలా కాసే ఊరివాళ్లు. 1940 జూన్ 13 నుంచి చర్చి గంటలు బంద్, జర్మన్లు దిగితేనే మోగించాలి. మళ్లీ ఊరూరా మోగింది ఈజిప్టులో ఎల్ అలమైన్ యుద్ధం గెలిచినప్పుడు, 1942 నవంబరు 15న. కాబట్టి 1941లో పెళ్లి గంటలు మోగించిన రచయిత పని మొదటి అధ్యాయంలోనే అయిపోయినట్టు. బట్టలకి కూపన్లు 1941 జూన్ 1న, మిఠాయిలకి రేషన్ 1942 జులైలో వచ్చాయి. సొంత కార్లకిచ్చే మామూలు పెట్రోలు కోటా తీసేసింది కూడా 1942 జులైలోనే. డాక్టరు లాంటివాళ్లకి తప్ప ఆ తర్వాత కారు నడిపించారంటే, ఆ పెట్రోలు ఎక్కడిదన్నదే ఒక క్లూ.

వీటన్నిటికంటే ఎక్కువ మందిని బోల్తా కొట్టించేది గడియారం. 1940 ఫిబ్రవరిలో ఒక గంట ముందుకు తిప్పిన గడియారాన్ని ఆ శీతాకాలంలో వెనక్కి తిప్పలేదు. 1941 మే 4న దాని మీద ఇంకో గంట తిప్పారు. అంటే ఆ వేసవిలో ఊరి గడియారం సూర్యుడికి రెండు గంటలు ముందుంది. జూన్ చివర దక్షిణ ఇంగ్లండులో పొద్దుగూకేది రాత్రి పది దాటి ఇరవై నిమిషాలకి. పూర్తిగా చీకటి పడాలంటే పదకొండు దాటాలి. "జూన్ రాత్రి తొమ్మిదింటికి చిమ్మచీకట్లో" అని రాస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. డిసెంబరులో దీనికి తలకిందులు. సాయంత్రం అయిదుకి కాస్త ముందు పొద్దుగూకితే, మళ్లీ తెల్లవారేది ఉదయం తొమ్మిది దాటాకే. పిల్లలు చీకట్లోనే బడికి బయల్దేరతారు.

బ్లాకౌట్ అంటే మన కోస్తా పాఠకులకి బొత్తిగా కొత్త మాటేం కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. కానీ ఇంగ్లండులో అది ఒకటి రెండు నెలల గొడవ కాదు, అయిదేళ్లపాటు ప్రతిరాత్రీ. వీధి దీపం లేదు, తలుపు సందులోంచి గీత కూడా కనపడకూడదు, టార్చిలైటుకి పల్చటి కాగితం అంటించాలి. మొదటి నెలలోనే రోడ్డు మీద చచ్చిపోయినవాళ్లు అంతకుముందు ఏడాది అదే నెలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అందుకే చెట్లకీ, అరుగుల అంచులకీ తెల్లసున్నం వేశారు. వెన్నెల ఉందో లేదో చూడకుండా రాత్రి సీను రాయొద్దని చెప్పేది ఇందుకే. పౌర్ణమి నాడు ముఖం గుర్తుపట్టొచ్చు, అమావాస్య నాడు ఎదురొచ్చిన మనిషిని గొంతుని బట్టో, పైపు పొగాకు వాసనని బట్టో పోల్చుకోవాలి. ఆనాటి చంద్రుడి తేదీలు లెక్కకట్టే సాధనాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి, అయిదు నిమిషాల పని.

నియమంలోంచి హత్య

ఇప్పుడు ఒక నియమాన్ని తీసుకుని దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. దీంతో ఎవరికి లాభం, దీనివల్ల ఏది దాగుతుంది, ఏది బయటపడుతుంది?

చక్కెర సంగతి చూద్దాం. 1941లో మనిషికి వారానికి 8 ఔన్సులు, అంటే పావుకిలో కూడా నిండదు. టీ పొడి 2 ఔన్సులు, మన పాత లెక్కలో అయిదు తులాలకి కాస్త తక్కువ. ఇంత తక్కువ కాబట్టి నలుగురు అద్దెకుంటున్న ఇంట్లో ఎవరి చక్కెర సీసా వాళ్లది, మూత మీద పేరు రాసిన చీటీ. టీకి పిలిస్తే వచ్చేవాళ్లు తమ చక్కెర చిన్న డబ్బాలో వెంట తెచ్చుకునేవారు. మామూలు రోజుల్లో అందరి ముందూ తిరిగే చక్కెర గిన్నెలో విషం కలిపితే ఇంటిల్లిపాదీ పోతారు. పేరు రాసిన సీసా అయితే ఒక్కరే పోతారు. రేషనే హంతకుడికి గురి చూసి ఇచ్చింది. పట్టుబడేదీ దాంతోనే. శుక్రవారం కొట్లో తూచి ఇచ్చిన 8 ఔన్సుల్లో రోజుకి నాలుగు చెంచాలు వాడే మనిషి సీసాలో మంగళవారానికి ఎంత మిగలాలో ఇంటావిడకి కంటిచూపుతో తెలుసు. అంతకంటే ఎక్కువ ఉందంటే ఎవరో సీసా మార్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చక్కెరలో ఆర్సెనిక్ అని రాసేస్తారు చాలామంది. ఇంగ్లండులో 1851 చట్టం ప్రకారం చిల్లరగా అమ్మే ఆర్సెనిక్‌లో మసో నీలిమందో కలిపి రంగు మార్చాలి, కొన్నవాళ్లు మందుల షాపు రిజిస్టరులో సంతకం పెట్టాలి. తెల్ల చక్కెరలో అది కనపడకుండా ఉండదు. విషం పేరుతో పాటు అది ఆ మనిషి చేతికి ఏ దారిన వచ్చిందో కూడా తేల్చుకోండి. కోజీలో మోతాదుల వర్ణన అక్కర్లేదు. సంతకం పెట్టిన రిజిస్టరు పేజీ చాలు.

గుర్తింపు కార్డు ఇంకా బాగా పనికొస్తుంది. మామూలు పౌరుల కార్డు మీద ఫొటో ఉండేది కాదు. బాంబులు పడ్డ ఊరినుంచి వచ్చి "నేనే ఫలానా" అంటే నమ్మక తప్పదు. కానీ కార్డు నంబరులో ఒక కిటుకుంది. ముందు ప్రాంతాన్ని సూచించే అక్షరాలు, తర్వాత ఇంటి అంకె, చివర 1939 సెప్టెంబరు 29 రాత్రి ఆ ఇంట్లో నమోదైనవాళ్లలో ఈ మనిషి ఎన్నోవాడో చెప్పే అంకె. అమ్మా నేనూ ఇద్దరమే ఉండేవాళ్లమని చెప్పుకునే మనిషి కార్డు 5తో ముగిస్తే అబద్ధం అక్కడే అచ్చయి ఉంది.

ఒక అల్లిక, దగ్గరనుంచి

1941 జూన్ 22, ఆదివారం తీసుకుందాం. ఆ తెల్లవారుజామున జర్మనీ రష్యా మీదికి దండెత్తింది. ఆ రాత్రి తొమ్మిదింటికి చర్చిల్ రేడియోలో మాట్లాడాడు. సరిగ్గా ఆ సమయానికి పల్లె వీధులు ఎలా ఉంటాయో ఊహించండి. ఇంకా గంటకు పైగా ఎండ ఉంది, కానీ వీధిలో మనిషి లేడు. అందరూ రేడియోల ముందు. చీకటి కోసం కాచుకునే హంతకులు పాతబడ్డారు. పట్టపగటి వెలుగులో ఊరు ఖాళీ అయ్యే ఇరవై నిమిషాలు ఇంతకంటే మంచి ముహూర్తం.

చనిపోయేది రేషన్ పుస్తకాలు పంచడంలో సాయపడే వాలంటీరు. ఏటా వేసవిలో కొత్త పుస్తకాలిచ్చేవారు, గుర్తింపు కార్డు చూపాలి. ఆమె కార్డు మీద ఆ 5 చూసింది. నోరు జారి అతన్నే అడిగింది. హంతకుడు ఒక ముసలాయన ఇంట్లో అద్దెకుంటున్న "మేనల్లుడు". కానిస్టేబులు అడిగితే ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని చర్చిల్ ప్రసంగం విన్నానంటాడు. ప్రసంగంలో ఏముందని అడిగి లాభం లేదు, మర్నాడు పేపర్లన్నిట్లో వచ్చింది. ఇక్కడ చేతులెత్తేసి "అతని కళ్లలో బెదురు కనిపించింది" అని రాస్తే అది చేతకానితనం.

చాలా పల్లెటూరి ఇళ్లలో అప్పటికి కరెంటు లేదు. రేడియో అక్యుమ్యులేటర్ మీద, అంటే మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే బ్యాటరీ మీద నడిచేది. మందపాటి గాజు డబ్బా, లోపల ఆసిడ్. అది డిశ్చార్జి అయితే గ్యారేజీకి పంపి చార్జి చేయించుకోవాలి. ముసలాయన అక్యుమ్యులేటర్ శనివారం గ్యారేజీకి వెళ్లింది, బుధవారం వచ్చింది. ఆయన పొరుగింటికి వెళ్లి విన్నాడు. రేడియో పెట్టె మాత్రం బల్లమీద దాని చోట అది ఉంది. ఎప్పుడూ దాన్ని ముట్టుకోని అద్దెమనిషికి వెనక భాగం ఖాళీ అని తెలియదు.

ఈ క్లూ పాఠకుడికి ముందే చూపించాలి, కానీ కనపడకూడదు. మూడో అధ్యాయంలో గ్యారేజీ కుర్రాడు సైకిలుకి రెండు అక్యుమ్యులేటర్లు తగిలించుకుని పోతుంటాడు. ఒకటి ఒలికి ప్యాంటు మోకాలి దగ్గర చిల్లు పడుతుంది. వాళ్లమ్మ వీధిలోకొచ్చి శోకాలు పెడుతుంది: బట్టల రేషన్ వచ్చి ఇంకా నెల కాలేదు, ఏడాదికిచ్చింది 66 కూపన్లు, ఉన్ని ప్యాంటుకే 8 పోతాయి, ఇక చలికాలం ఏం కట్టుకుంటావురా అని. పాఠకుడు కూపన్ల లెక్కలో నవ్వుకుంటూ ముందుకెళ్లిపోతాడు. ఆ రెండు డబ్బాలు ఎవరివో అదే వాక్యంలో ఉంది. ముఖ్యమైన క్లూని ఎప్పుడూ ఇలా ఇంకెవరి బాధలోనో, తగువులోనో ముంచి పెట్టండి. విడిగా, పేరా చివర, గంభీరంగా పెట్టారంటే వేలు పెట్టి చూపించినట్టే.

దారి తప్పించడానికి ఇంకో గడియారం ఉంది. రెండు గంటల ముందు టైము రైతులకి గిట్టలేదు, ఆవులకి రేడియో వార్తలు తెలియవు కదా. మీ రైతు పాత్ర మే నెలలో రెండో గంట తిప్పకుండా ఇంట్లో గడియారం పాత టైములోనే ఉంచుకున్నాడనుకోండి. "ఎనిమిదింటికి గేటు దగ్గర అతన్ని చూశాను" అన్న సాక్ష్యం ఊరి టైములో తొమ్మిది. అందరూ ఎనిమిదనే పట్టుకుని ఇంకెవరినో అనుమానిస్తారు. కథలో ఇలాంటి గడియారం తిరకాసు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే పాఠకుడు పెన్సిలు తీసుకుంటాడు, ఇంకాస్త ముదిరితే పుస్తకం పక్కన పెడతాడు.

ఆరా తీసేది ఎవరు

ముసలావిడ కిటికీలోంచి చూసి కనిపెట్టేయడం అరిగిపోయిన దారి. యుద్ధం మామూలు మనుషులకి పరాయి ఇళ్లలో దూరే హక్కిచ్చింది, దాన్ని వాడుకోండి. వైమానిక దాడుల వార్డెన్ వెలుతురు కనపడిన ఏ తలుపైనా రాత్రిపూట తట్టొచ్చు. నగరాలనుంచి వచ్చిన పిల్లలకి ఇళ్లు చూపించే బిల్లెటింగ్ అధికారి ప్రతి ఇంట్లో గదులు లెక్కపెట్టాలి. ఆ పిల్లల్ని ఉంచుకున్నందుకు ఒక్కరుంటే వారానికి 10 షిల్లింగుల 6 పెన్నీలు, ఒకరికి మించితే తలకి 8 షిల్లింగుల 6 పెన్నీలు. ఎవరు ఎందుకు ఒప్పుకున్నారు, ఎవరు ఎందుకు తప్పించుకున్నారు అన్నది ఒక పెద్ద కక్షల చిట్టా. పోస్టాఫీసులో ట్రంక్ కాల్ కలిపే ఆవిడకి ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో తెలుసు. పాత కాగితాలు, ఎముకలు, ఇనుము పోగుచేసే సాల్వేజ్ పనివాళ్లకైతే ఊరి చెత్తంతా చేతికొస్తుంది. నా ఓటు వీళ్లకే. చింపేసిన ఉత్తరం వెతుక్కుంటూ వాళ్ల గుమ్మంలోకే వస్తుంది.

నగరం పిల్లల గురించి ఒక మాట. 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో దాదాపు 15 లక్షల మందిని తరలించారు గానీ, బాంబులు పడకపోవడంతో 1940 జనవరికల్లా దాదాపు సగం మంది ఇళ్లకి తిరిగి వెళ్లిపోయారు. ఫిబ్రవరి కథలో ఊరినిండా పిల్లలుంటే కారణం చెప్పాలి.

పోలీసుల దగ్గర తెలుగు రచయితలకి ప్రత్యేకంగా కాలు జారుతుంది. అక్కడ ఎస్సై లేడు, హెడ్ కానిస్టేబులు లేడు, ఎఫ్ఐఆర్ లేదు. పల్లెలో సైకిలు మీద తిరిగే ఒక్క కానిస్టేబులు, చేతిలో తుపాకీ ఉండదు. పైన సార్జెంటు, ఇన్‌స్పెక్టరు, సూపరింటెండెంటు, జిల్లాకంతా చీఫ్ కానిస్టేబులు. లండన్ పోలీసుల స్కాట్లండ్ యార్డు తనంతట రాదు, చీఫ్ కానిస్టేబులు కోరితేనే వస్తుంది. ఇన్‌క్వెస్ట్ అంటే మన పంచనామాలా శవం పక్కన సంతకాల తంతు కాదు. అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి కరోనర్ ఊరి హాల్లోనో బళ్లోనో కూర్చుంటే, జనం చూస్తుండగా సాక్షులు ప్రమాణం చేసి చెప్తారు. అనుమానితులందర్నీ ఒకే గదిలో చేర్చడానికి ఇంతకంటే సహజమైన సీను దొరకదు. సాధారణంగా ఏడెనిమిది అధ్యాయాల మధ్య పెడితే బాగుంటుంది. అంతకు ముందే, మూడో అధ్యాయం దాటకుండా శవం దొరకాలి.

తుపాకీతోనే చంపాలంటే హోంగార్డు రైఫిళ్లున్నాయి. అమెరికానుంచి వచ్చినవాటికి ఎర్ర రంగు పట్టీ వేశారు, వాటి తూటా బ్రిటిష్ రైఫిలు తూటా ఒకటి కాదు కాబట్టి. తప్పు తూటా దొరకడం మంచి క్లూ. కాని కోజీలో తుపాకీ మోత కాస్త ఎక్కువే.

వంటింట్లో తప్పులు

యుద్ధం జరిగినంత కాలం రొట్టెకి, బంగాళదుంపలకి రేషన్ లేదు. రొట్టెకి వచ్చింది 1946లో, యుద్ధం అయ్యాక. గుడ్ల పొడి వచ్చింది 1942 వేసవిలో. 1940-41 చలికాలంలో ఉల్లిపాయలు దొరకలేదు, ఎందుకంటే అవి ఎక్కువగా వచ్చే ఫ్రాన్సులోని బ్రిటనీ, దాని దగ్గరి చానెల్ దీవులు జర్మన్ల చేతిలో పడ్డాయి. ఊరి జాతరలో ఒక్క ఉల్లిగడ్డకి లాటరీ వేయిస్తే ఎవరూ కాదనరు. మాంసం రేషన్ తూకంలో కాదు, ఇన్ని పెన్నీల విలువకి అని. అమెరికన్ సైనికులు 1942కి ముందు రారు. గోడమీద "కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్" పోస్టరు మాత్రం పెట్టకండి. 1939లో అచ్చేశారు గానీ బయట అంటించింది దాదాపు లేదు, అది పేరు తెచ్చుకున్నది ఈ శతాబ్దంలో. రేడియోలో వాతావరణ సూచన కూడా రాయొద్దు, యుద్ధం పొడుగునా ప్రసారం ఆపేశారు.

తెలిసిందంతా కథలో కుక్కొద్దు. పేజీకి ఒక వివరం, అదీ ఎవరి చేతిలోనో ఉన్న వస్తువుగా. "ఆ కాలంలో..." అని మొదలయ్యే వాక్యం కనపడితే కొట్టేయండి.

తెలుగులో మాట్లాడించడం

ఇది అన్నిటికంటే కష్టం. ఎవరు ఎవర్ని "నువ్వు" అంటారో, "మీరు" అంటారో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇంగ్లిష్‌లో దాగే ఆ తేడా తెలుగులో దాగదు. చర్చి వికార్ పనిమనిషిని కూడా మీరు అనొచ్చు, దాంతో ఆయనెవరో తెలిసిపోతుంది. పెద్దింటావిడ దుకాణదారుని నువ్వు అంటే ఆమె ఎవరో కూడా తెలిసిపోతుంది. "దొరగారు", "దొరసాని" వాడకండి. ఆ మాటలు మనకి మద్రాసు కలెక్టరునో, గడీలనో గుర్తుచేస్తాయి. "సర్", "మేడమ్", "డాక్టర్" చాలు. లండన్ తూర్పు పేటనుంచి వచ్చిన పిల్లాడి యాసకి బదులుగా శ్రీకాకుళమో కరీంనగరో పెట్టడం వద్దు, పాఠకుడు రైలు దిగిపోతాడు. పొట్టి వాక్యాలు, ఎదురు ప్రశ్నలు, పల్లె వస్తువుల పేర్లు తెలియకపోవడం, వీటితోనే పిల్లాణ్ణి వేరు చేయొచ్చు. ఆవుని మొదటిసారి దగ్గరగా చూసినవాడు దాని సైజు గురించే మాట్లాడతాడు.

డబ్బు, తూకాలు మార్చొద్దు. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు అని ఒకచోట ఏ కొట్లోనో చిల్లర లెక్కపెట్టేటప్పుడు తెలిసేలా చేస్తే సరిపోతుంది. అణాలు చూసిన పాఠకులు ఇంకా ఉన్నారు, వాళ్లకి అదీ అక్కర్లేదు.